ఎత్తే మనిషి

బీర్‌గావ్ మావయ్యగారు పోయారని ఆయన కూతురు దుర్గ్ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను గుఢియారీలో ఒక పెద్దాయన కాలి పుండుకు కట్టు మారుస్తున్నాను. పొద్దున టిఫిన్ పెట్టడానికి లేపితే లేవలేదట. ఆరంగ్ వెళ్లే రోడ్డులో ఉన్న వృద్ధుల హోమ్‌లో, మగవాళ్ల గదిలో, గోడ పక్క మంచం మీద పోయారు. ఆయన భార్య అదే హోమ్‌లో ఆడవాళ్ల వైపు ఉంది. ఆవిడకు చెప్పారా అని అడిగాను. చెప్పామని, విని ఎడమచేత్తో దుప్పటి ముఖం మీదికి లాక్కుందని అంది కూతురు.  కట్టు పూర్తిచేసి బయటికొచ్చి స్కూటీ మీద కూర్చున్నాను గానీ చాలాసేపు బండి తీయబుద్ధి కాలేదు.

నేను ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసే నర్సుని. రాయ్‌పూర్‌లో ఒక ఏజెన్సీ తరఫున ఈ పని చేస్తూ చాలా ఏళ్లయింది. మంచాన పడ్డ మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఎన్నాళ్లు చూసుకోగలరో గుమ్మంలో అడుగు పెట్టగానే కొంత తెలిసిపోతుంది. తడిసిన పక్కబట్ట ఎంతసేపటికి మారుతోంది, కోడలు గదిలోకి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగుతోందా, రోగి గదిలో ఇంట్లోవాళ్ల వస్తువులు ఇంకా ఉన్నాయా, మెల్లగా అవతలి గదికి తరలిపోతున్నాయా, ఇవి చాలు. మూడు నెలలనుకున్న ఇల్లు మూడు నెలలకే చేతులెత్తేస్తుంది. మనిషిని హోమ్‌కు పంపేస్తారు. బీర్‌గావ్‌లోని ఆ ఇంటికి మాత్రం నేను గడువేమీ పెట్టలేదు. ఆ ఇల్లు చివరిదాకా అలాగే ఉంటుందనుకున్నాను.

మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన తలుపు తీసి, నన్ను పైనుంచి కిందికి చూసి, హిందీలో నా బరువెంత, నేను ఎన్ని కిలోలు ఎత్తగలనని అడిగారు. నర్సుకు అలాంటి ప్రశ్న ఎవరూ వేయరు. తెలియదన్నాను తెలుగులో, నోటికి అలా వచ్చేసింది. ఆయన ముఖం మారిపోయింది. మీది ఏ ఊరని అడిగారు. మా నాన్న రైల్వేలో పనికి బొబ్బిలి నుంచి వచ్చారని చెప్పాను. ఆయనది పలాస దగ్గర పల్లె. అప్పటినుంచి నేను ఆయనకు 'అమ్మీ'ని, ఆయన నాకు మావయ్యగారు. లోపలున్నావిడ అత్తమ్మ.

ఆవిడకు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మాట పోయింది. ఒక్క మాట మిగిలింది. ఆకలైనా, నొప్పైనా, ఎవరైనా వచ్చి పలకరించినా 'అదే' అనేది. అదే అదే అంటూ ఎడమచేత్తో మిగతాది చెప్పేది.

ఆ ఇంట్లో రెండే గదులు. ముందు గదిలో ఈ గోడనుంచి ఆ గోడకు ఇనుప గర్డర్ వేయించి, దానికి చైన్ పుల్లీ బిగించారు ఆయన. మోటార్ల షాపుల్లో ఇంజన్లు పైకి లేపడానికి వాడతారే, అలాంటిది. కొక్కేనికి మందపాటి కాన్వాస్ బెల్టులు, వాటికి లోపలివైపు ఆవిడ పాత చీరలు మడిచి కుట్టినవి. తొడల కింద ఒకటి, వీపు వెనక ఒకటి. గొలుసు లాగితే ఆవిడ ఉయ్యాల్లో కూర్చున్నట్టు మంచం మీదనుంచి లేచి, గర్డర్ వెంట కదిలి, చక్రాల కుర్చీలోకో కమోడ్ మీదికో దిగేది. ఒళ్లు అలిసిన మనిషి, డెబ్భై దాటినవాడు, ఒక్కడే భార్యను రోజుకు ఏడెనిమిదిసార్లు అలా ఎత్తి దించేవారు.

సిల్తారాలో ఒక రోలింగ్ మిల్లులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి ఆయన. జీవితమంతా మూడంతస్తుల ఎత్తున కేబిన్‌లో కూర్చుని, కింద నిలబడి సైగలు చేసే ఖలాసీ చెయ్యి చూస్తూ పని చేశారు. ఆ చప్పుడులో మాట వినపడదు. చెయ్యే మాట. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఎత్తు. కిందికి చూపి తిప్పితే దించు. అరచెయ్యి నేలవైపు పెట్టి పక్కకు ఊపితే ఆపు. ఆవిడకు మాట పోయిన నెలలోనే ఆ సైగలన్నీ నేర్పేశారు. గొలుసు పట్టుకున్నాక ఆయన ఆవిడ ముఖం చూసేవారు కాదు, బెల్టు చూసేవారు కాదు. ఆ ఎడమచెయ్యి ఒక్కటే చూసేవారు. ఆవిడ వేలు తిప్పితేనే గొలుసు కదిలేది.

"ఎత్తడం ఎవుడైనా ఎత్తేత్తాడమ్మీ," అన్నారొకసారి. "దించడంలోనే ఉంది పనంతా."

నిజంగానే ఆవిడ దిగినప్పుడు కుర్చీ కిర్రుమనేది కాదు.

పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు స్పానర్‌తో కొక్కేన్ని ఒక్కసారి కొట్టి, తల వంచి ఆ మోత వినేవారు. పగులుంటే మోతలో తెలుస్తుందట. తర్వాత చేతులు మోచేతులదాకా కడుక్కునేవారు. అన్నం నిలబడే తినేవారు, కూర్చుంటే డ్యూటీలో నిద్రొస్తుందని పాత అలవాటు. ఫ్యాక్టరీల నుంచి వచ్చే నల్లటి పొడి అక్కడ అందరి కిటికీల మీదా పేరుకుంటుంది. ఆయన కిటికీ మీద మాత్రం వేలు పెట్టి రాస్తే వేలికి ఏమీ అంటేది కాదు, తడిబట్టతో మూడుపూటలా తుడిచేవారు. గోడమీద సుద్దముక్కతో గళ్లు గీసి, రెండు గంటలకోసారి ఆవిణ్ని పక్కకు తిప్పినప్పుడల్లా ఒక టిక్కు పెట్టేవారు. ఏజెన్సీవాళ్లు సాయానికి ఒక ఆయాను పంపితే ఆయన రెండోరోజే పంపించేశారు. అత్తమ్మ గాల్లో ఉండగా ఆయా కిందనుంచి దూరి అవతలికి వెళ్లిందట. లోడు కింద మనిషి నిలబడితే నాను చెయ్యి కదపను, అన్నారు, ఏదో చట్టం చెప్పినట్టు.

అన్నేళ్లలో ఆవిడ ఒంటిమీద ఒక్క పుండు లేదు. వారానికోసారి వెళ్లి బీపీ, షుగర్, వీపు, మడమలు చూసి కాగితం నింపేదాన్ని. నాకు ఆ ఇంట్లో పెద్దగా పనుండేది కాదు. ఎండలో తిరిగి తిరిగి అక్కడికి చేరితే చల్లటి మంచినీళ్లు, తర్వాత టీ ఇచ్చేవారు. ఆ వారం మొత్తంలో నేను కూర్చుని టీ తాగే ఇల్లు అదొక్కటే. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

ఒక వర్షాకాలం ఆయన తలుపు తీసి నన్ను పైనుంచి కిందికి చూసి, నా బరువెంత, ఎన్ని కిలోలు ఎత్తగలనని అడిగారు. నేను నవ్వాను. వేళాకోళమనుకున్నాను. ఆయన నవ్వలేదు. జవాబు కోసం ఎదురుచూస్తూ తలుపు పట్టుకునే నిలబడ్డారు. లోపలినుంచి అత్తమ్మ 'అదే' అని గట్టిగా అనేసరికి పక్కకు తప్పుకున్నారు.

తర్వాత స్పానర్. నేను వెళ్లేసరికి కొక్కేన్ని కొడుతున్నారు. వింటున్నారు. మళ్లీ కొడుతున్నారు. బీపీ చూడటం అయింది, షుగర్ చూడటం అయింది, ఆయన ఇంకా కొడుతూనే ఉన్నారు. ఏమైనా తేడా ఉందా మావయ్యగారూ అంటే, లేదమ్మీ, ఇప్పుడే మొదలెట్టాను అన్నారు.

దసరా దాటాక ఒకరోజు గోడమీద గళ్లు చూశాను. పొద్దున పదయింది. సాయంత్రం నాలుగు గంటల గడిలో టిక్కు ఉంది. ఆరు గంటల గడిలో ఉంది. మర్నాటి తెల్లవారుజాము దాకా అన్ని గళ్లలోనూ ఉంది. ఆవిణ్ని పక్కకు తిప్పి చూస్తే నడుం కింద రూపాయి బిళ్లంత ఎర్రగా కందింది. వేలితో నొక్కితే రంగు మారలేదు. ఆ ఇంట్లో అదే మొదటిది.

నేను కందిన చోట మందు పూస్తుండగా అత్తమ్మ అరచెయ్యి నేలవైపు పెట్టి పక్కకు ఊపింది. ఆపాను. నొప్పిగా ఉందా అని అడిగాను. అదే, అదే అంటూ ఇంకా ఊపుతోంది. నా చేతులు అప్పటికే ఆవిడ ఒంటిమీద లేవు. ఆవిడ చూపు నా మీద కాదు, వంటగది గుమ్మం మీద ఉంది. అక్కడ ఆయన నాకోసం టీ పెడుతున్నారు. ఆవిడ నావైపు చూసి, మళ్లీ అటు చూసి, అరచెయ్యి ఊపింది. ఆపమంటోంది నన్ను కాదు, ఆయన్నని నాకు అర్థమైంది. అర్థం కానట్టు దుప్పటి సర్దాను.

వెళ్లేటప్పుడు ఆయన గుమ్మం దాకా వచ్చారు. కాగితంలో ఏం రాశానని అడిగారు. నడుం దగ్గర కందిందని రాశానన్నాను.

"నా గురించి ఏటైనా రాత్తన్నావా?"

ఆ కాగితంలో చూసుకునే మనిషి గురించి ఎక్కడా గడి లేదు. అదే చెప్పాను.

"అయితే రాయకు," అన్నారు మెల్లగా. "ఇంకొన్నాళ్లు."

రాయనన్నాను. రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఏజెన్సీ డాక్టర్ వస్తాడు, కూతురికి ఫోన్ చేస్తారు, ఈ గొలుసుతో ఎత్తడం ప్రమాదమంటారు, ఆవిణ్ని హోమ్‌కు పంపమంటారు. హోమ్‌లు నేను చూశాను. అక్కడ ఆవిడ చేతి మాట ఎవరికీ రాదు. ఆవిడకోసమే ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ టీ కోసం కూడా ఊరుకున్నానని ఇప్పుడు అనిపిస్తుంది. అంత బాగా సాగుతున్న ఇల్లు ఒక్కటైనా ఉందని నమ్మాలని ఉండేది నాకు.

కూతురు ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసేది. బడిలో టీచరు. దుర్గ్‌లో వాళ్ల మామగారు తుంటి విరిగి మంచాన పడ్డాక పుట్టింటికి రావడం తగ్గిపోయింది. నాన్న బాగున్నారా సిస్టర్ అనేది. బాగానే ఉన్నారనేదాన్ని.

ఆ చలికాలమంతా ఆ ఇంట్లోకి వెళ్లే ముందు స్కూటీ ఆపి కాసేపు వినేదాన్ని. లోపల గొలుసు చప్పుడు వినిపిస్తే ఊపిరి తీసుకునేదాన్ని. వినిపించకపోతే కూడా తలుపు వెంటనే తట్టేదాన్ని కాదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం, పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆమె ఫోన్ చేసింది. కకా ఇంటికి, అంటే మావయ్యగారి ఇంటికి, బయట తాళం వేసి ఉందని, లోపల పొద్దుటినుంచీ టంగుటంగుమని మోగుతోందని చెప్పింది. రోజూ వినే స్పానర్ మోతే కదా అని ఆమె మొదట పట్టించుకోలేదట. తాళం చూశాక కిటికీ చువ్వలు పట్టుకుని తొంగి చూసిందట. ఆ తర్వాత ఆమె మాటలు నాకు సరిగా వినిపించలేదు. నేను అప్పుడు ఉర్లాలో ఉన్నాను. పది నిమిషాల్లో వెళ్లాను. అప్పటికి తాళం పగలగొట్టారు గానీ లోపలికి వెళ్లినవాళ్లు గోడకు ఆనుకుని నిలబడిపోయారు. ఏది ముట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు.

అత్తమ్మ మంచానికి, కుర్చీకి మధ్య గాల్లో ఉంది. కరెంటు లేదు. పైన ఫ్యాను ఆగి ఉంది. ఆవిడ ఎడమచేతి గాజుతో గొలుసును కొడుతోంది. మేము వచ్చామని చూసి కూడా ఆపలేదు, ఇక ఆ చెయ్యి ఆవిడ మాట వినడం లేదేమో. పాదాలు నీలంగా ఉన్నాయి. బెల్టు తొడల్లోకి దిగిపోయింది.

అన్నేళ్లు ఆ ఇంటికి వెళ్లాను గానీ ఆ గొలుసు ఒక్కసారీ పట్టుకోలేదు. పట్టుకుని లాగాను. ఆవిడ జానెడు పైకి లేచింది. నేను లాగవలసింది రెండో వైపు. ఆ జానెడు పైకి లేచినప్పుడు ఆవిడ నోట్లోంచి వచ్చిన చప్పుడు మాట కాదు, ఏడుపూ కాదు. తర్వాత దించాను. కుర్చీ గట్టిగా కిర్రుమంది.

ఆయన సిల్తారాలో దొరికారు. మిల్లు గేటు దగ్గర, పాత యూనిఫాం చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా చేతబట్టుకుని, హాజరు కార్డు ఇమ్మని గార్డుతో మర్యాదగా వాదిస్తున్నారట. పొద్దున ఆవిణ్ని గాల్లోకి ఎత్తారు. అక్కడితో ఆయన తలలో ఏదో తెగిపోయింది. షిఫ్టుకు వేళైందనిపించింది. చొక్కా మార్చుకుని, తాళం వేసుకుని, ఆటో ఎక్కారు.

ఆయన్ని ఇంటికి తీసుకొచ్చేసరికి మేమింకా అంబులెన్స్ కోసం ఎదురుచూస్తున్నాం. ఆయన భార్య తొడల మీది బెల్టు గీతలు చూశారు. వంగి దగ్గరగా చూశారు. నిటారుగా నిలబడి మా అందరి ముఖాలూ చూశారు. ఆయనకు కోపం రావడం నేను అదే మొదటిసారి చూశాను.

"ఎవుడు చేశాడీ పని? డ్యూటీలో ఎవుడున్నాడు?"

 పక్కింటామె నోరు తెరవబోయింది. మేము మంచం మీదికి మార్చిన అత్తమ్మ ఆమెవైపు అరచెయ్యి నేలకు పెట్టి పక్కకు ఊపింది. ఒక్కసారే. ఆపు. ఆమెకు ఆ భాష రాదు, అయినా ఆగిపోయింది. ఆయన మాత్రం అంబులెన్స్ వచ్చేదాకా డ్యూటీలో ఎవడున్నాడని అడుగుతూనే ఉన్నారు.

తొమ్మిది రోజులు అత్తమ్మను ఆస్పత్రిలో ఉంచారు, అన్నాళ్లూ కూతురు వచ్చి ఆయన దగ్గరే ఉంది. తర్వాత ఆవిణ్ని ఇంటికి పంపే మాట ఎవరూ ఎత్తలేదు. కూతురు నాలుగు హోమ్‌లకు ఫోన్ చేసింది. ఆరంగ్ రోడ్డులోని దాంట్లో మంచం ఉందన్నారు. వెళ్లే రోజు నన్ను కూడా రమ్మంది. ముందు అంబులెన్స్, వెనక అద్దె కారులో మేము. ముందు సీట్లో ఆయన కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నారు. వెనక సీట్లో నేను కూతురికి అన్నీ చెప్పేశాను. గోడమీద టిక్కుల సంగతి, కాగితంలో రాయకపోవడం, అత్తమ్మ చెయ్యి. అక్టోబరు నుంచి నాకు తెలుసన్నాను. తిడుతుందేమోననుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను.

ఆమె చున్నీ అంచు మడుస్తూ కూర్చుంది.

"నాకూ తెల్సు సిస్టర్. ఫోన్లో ఒకే మాట మూడుసార్లు అడిగేవారు. మా ఇంట్లో అప్పటికే ఒకరున్నారు, ఈయన్ని కూడా ఎక్కడ పెట్టాలి? మీరైతే బాగానే ఉన్నారంటారని తెలిసే మీకు ఫోన్ చేసేదాన్ని."

ఆ తర్వాత మేమిద్దరం ఒకరినొకరు చూసుకోలేదు.

హోమ్ ఒక పాత బంగళా. ఫినాయిల్ వాసన, వరసగా మంచాలు. ఇద్దరు ఆయాలు అత్తమ్మను స్ట్రెచర్ మీదనుంచి చేతులతో ఎత్తారు. ఎత్తుతున్నంతసేపూ ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు వెళ్లినా చూశాను, ఎత్తినప్పుడల్లా ఆవిడ అలాగే కళ్లు మూసుకుంటుంది.

ఆఫీసు గదిలో మేట్రన్ మమ్మల్ని కూర్చోమంది. ఆమె మలయాళీ, హిందీలో మాట్లాడుతుంది. ఆయన్ని చూసి కళ్లజోడు సర్దుకుని, బాబూజీ, మీరు ముందొకసారి వచ్చారు కదా అంది. ఆయన లేదన్నారు. ఈ చోటు ఎప్పుడూ చూడలేదన్నారు. ఆమె ఆయనతో వాదించలేదు. కూతురివైపు తిరిగి, చలికాలంలో ఈయన ఒక్కరే బస్సు దిగి వచ్చారని చెప్పింది. రెండు గంటలు ఉన్నారట. ప్రతి మంచాన్నీ ఊపి చూశారట. మనిషిని ఎలా ఎత్తుతారు, ఎంతమంది ఎత్తుతారు, ఎత్తించి చూపించమన్నారట. కిటికీ పక్క మంచం కావాలన్నారట. వచ్చే సోమవారం భార్యను తీసుకొస్తానని పేరు రాయించి వెళ్లారట. సోమవారం రాలేదు. ఆమె రెండుసార్లు ఫోన్ చేసిందట. రాంగ్ నంబర్ అని పెట్టేశారట. మూడు వారాలు ఆ మంచం ఖాళీగా ఉంచి, తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేశారు.

కూతురు ఏదో తప్పు జరిగి ఉంటుందంది. మేట్రన్ రిజిస్టర్ వెనక్కి తిప్పి మా ముందు పెట్టింది. అత్తమ్మ పేరు, వయసు, బీర్‌గావ్ అడ్రసు. ఎందుకు చేర్పిస్తున్నారన్న గడిలో, మందుల చీటీల వెనక నేను ఎన్నోసార్లు చూసిన ఆయన నిలువు అక్షరాల్లో, హిందీలో ఒక వాక్యం. ఎత్తే మనిషిని ఇక నమ్మడానికి లేదు. కింద సంతకం.

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన రిజిస్టర్ తనవైపు లాక్కున్నారు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, వేలు పెట్టి ఆ వాక్యాన్ని చదివారు. మళ్లీ చదివారు.

"ఎవుడు రాశాడో గానీ," అన్నారు, "సరిగ్గా రాశాడు."

మేట్రన్ ఆ రోజు తేదీతో కొత్త వరస మొదలుపెట్టి, అప్పగించేవారు సంతకం చేయాలంది. కూతురు పెన్ను అందుకోబోయింది. ఆయన ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకుని తానే సంతకం పెట్టారు.  పెన్నుకు మూత పెట్టి బల్లమీద ఉంచి, కిటికీ వైపు చూశారు. బయట ఎండలో అంబులెన్స్ తిరిగి వెళ్లిపోతోంది. అది గేటు దాటేదాకా చూసి కూతురివైపు తిరిగారు.

"మరి నానెక్కడ ఉండాలమ్మా?"

ఆ పది రోజుల్లో మాలో ఎవరమూ ఆ మాట అనుకోలేదు. అనుకోలేదని అప్పుడే తెలిసింది. కూతురు ఆయన ముఖంలోకి చూడలేక బల్ల చూస్తోంది.  మేట్రన్ రిజిస్టర్ తనవైపు తిప్పుకుని, అత్తమ్మ పేరు కింది ఖాళీ వరస మీద వేలు పెట్టి, పెన్ను కూతురివైపు జరిపింది.